స్టేడియం లేచింది, ఇంటికెళ్ళే బస్సేది?

2023 జనవరి 13, రాత్రి ఏడు గంటలు. ఒడిశాలోని రూర్కెలాలో కొత్తగా కట్టిన బిర్సా ముండా అంతర్జాతీయ హాకీ స్టేడియంలో భారత జట్టు స్పెయిన్‌తో ప్రపంచ కప్ ఆట ఆడుతోంది. మన జట్టుకు మొదటి గోల్ కొట్టినవాడు అమిత్ రోహిదాస్. పరాయి ఊరివాడు కాదు, ఆ స్టేడియం ఉన్న సుందర్‌గఢ్ జిల్లాలోనే సౌనమరా అనే పల్లెవాడు. గ్యాలరీలు హోరెత్తాయి. 20,011 సీట్లున్న ఆ స్టేడియం, ప్రేక్షకులందరికీ కుర్చీలున్న హాకీ స్టేడియాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదని గిన్నిస్ వారు పత్రం కూడా ఇచ్చారు.

ఆ గోల్‌కు మేమూ చప్పట్లు కొట్టాం. ఆ సంతోషం ఇప్పటికీ ఉంది. కాబట్టి ఈ వ్యాసం చదివి ఎవరూ మమ్మల్ని ఆటలకు శత్రువులను చేయవద్దు. మేము అడుగుతున్నది చిన్న ప్రశ్న. సౌనమరా లాంటి పల్లెలో ఉన్న ఒక తల్లి తన ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని ఆ ఆట చూడాలనుకుంటే ఏ బస్సు ఎక్కాలి? ఆట అయ్యేసరికి రాత్రి తొమ్మిది అవుతుంది. అప్పుడు ఏ బస్సులో ఇల్లు చేరాలి?

స్టేడియం అందంగా ఉందా, ఎన్ని కోట్లు అయింది, ఏ దేశం జట్టు మెచ్చుకుంది అన్నవి మాకు ముఖ్యం కాదు. ప్రజల సొమ్ముతో కట్టిన ఆటస్థలాన్ని కొలవాల్సింది అక్కడి నుంచి పేదవాడు ఇల్లు చేరే చివరి బస్సుతో. ఆ బస్సు లేకపోతే అది ప్రజల స్టేడియం కాదు, ప్రజల డబ్బుతో కట్టిన పెద్దల స్టేడియం.

ముందు విమానం, తరువాత బస్సు

ఏది ముందు వచ్చిందో, ఏది తరువాత వచ్చిందో చూడండి. పాలకుల మనసులో ఎవరు ముందున్నారో తెలిసిపోతుంది.

స్టేడియానికి 2021లో శంకుస్థాపన జరిగింది. సుమారు 15 నెలల్లో కట్టడం పూర్తి చేశామని ప్రభుత్వం గర్వంగా చెప్పుకుంది. 2023 జనవరి 5న అప్పటి ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ దానిని ప్రారంభించారు. పక్కనే ఆటగాళ్ళకు, అధికారులకు 225 గదుల వసతి గృహం లేచింది. కప్ గెలిస్తే ఒక్కొక్క ఆటగాడికి కోటి రూపాయలు ఇస్తామని అదే రోజు ప్రకటన వచ్చింది. రెండు రోజుల తరువాత, జనవరి 7న, భువనేశ్వర్ నుంచి రూర్కెలాకు విమానం మొదలైంది. ఆరు రోజుల్లో ఆటలు. అన్నీ లెక్క ప్రకారం, గడియారం పెట్టి చేసినట్టు జరిగాయి.

మరి నగర ప్రజలు రోజూ ఎక్కే బస్సు? 'అమ బస్' పేరుతో ప్రభుత్వ సిటీ బస్సులు రూర్కెలాకు వచ్చింది ప్రపంచ కప్ అయిపోయాక. ఐదు లక్షలకు పైగా జనం ఉన్న నగరం, 2016లోనే స్మార్ట్ సిటీ జాబితాకెక్కిన నగరం. ఆటలు చూడటానికి భువనేశ్వర్ నుంచి వచ్చే పెద్దమనిషికి విమానం సిద్ధంగా ఉంది. పక్క బస్తీలో ఉన్న కూలీవాడు మాత్రం ఆటో కోసం బేరమాడాలి.

దీన్ని పొరపాటు అనుకుందామా? విమానాశ్రయం పని ఏళ్ళుగా నలుగుతూనే ఉంది. విదేశీ జట్లు వస్తున్నాయనగానే కదిలింది. అంటే చేతకాక కాదు, చేయాలనే తొందర లేక. ఎవరి కోసం తొందరపడాలో వాళ్ళకు బాగా తెలుసు.

ఈ ఆట ఎవరిది?

రూర్కెలాను హాకీ నగరంగా చేసింది ప్రభుత్వం కాదు. ఆ ప్రాంతపు ఆదివాసులు వందేళ్ళుగా చెమటోడ్చి చేశారు. ముండా, ఓరావ్, ఖరియా, కిసాన్ కుటుంబాల పిల్లలు వెదురు కర్ర వంచి, వరి కోసిన మడిలో ఆడిన ఆట అది. గెలిచిన జట్టుకు మేకపోతు, ఓడిన జట్టుకు కోడి. 'ఖాసీ' పోటీలంటే ఇప్పటికీ ఊరంతా కదులుతుంది. గెలిచిన మేకను అందరూ కలిసి వండుకుని తింటారు. ఆ పోటీలకు టికెట్ లేదు, వీఐపీ గేటు లేదు.

ఈ చరిత్రలో సంఘానికీ చోటుంది. 1845లో గోస్నర్ మిషనరీలు రాంచీ చేరుకున్నారు. తరువాత కాథలిక్కులు, ఆంగ్లికన్లు వచ్చారు. చోటానాగపూర్‌లోనూ, ఇప్పటి సుందర్‌గఢ్ అయిన పాత గంగ్‌పూర్ సంస్థానంలోనూ మిషన్ బడుల ఆవరణల్లో హాకీ వేళ్ళూనుకుంది. రాంచీ సెయింట్ పాల్స్ బడిలో చదివిన జైపాల్ సింగ్ ముండా 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత జట్టుకు కెప్టెన్. ఆ ఏడాదే హాకీలో మన దేశానికి మొదటి స్వర్ణం. అదే జైపాల్ సింగ్ తరువాత రాజ్యాంగ సభలో కూర్చుని ఆదివాసుల భూమి గురించి, హక్కుల గురించి గొంతెత్తాడు. మైదానంలో ఆడేవాడు నేల గురించి మాట్లాడకూడదని ఆయన అనుకోలేదు. ఆటల్లో రాజకీయాలెందుకు అని మమ్మల్ని అడిగేవాళ్ళు ఒకసారి ఆయన జీవితం చదవాలి.

1975లో ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఉన్న మైకేల్ కిండో రూర్కెలా ఉక్కు కర్మాగారంలో పనిచేశాడు, 2020 డిసెంబరు 31న రూర్కెలాలోనే కన్నుమూశాడు. సౌనమరా నుంచే వచ్చిన దిలీప్ టిర్కీ మూడు ఒలింపిక్స్ ఆడి, దేశానికి నాయకత్వం వహించి, 2022లో హాకీ ఇండియా అధ్యక్షుడయ్యాడు. టోక్యోలో కాంస్యం గెలిచిన జట్టులో బీరేంద్ర లక్రా, అమిత్ రోహిదాస్ ఉన్నారు. నాలుగో స్థానం సాధించిన అమ్మాయిల జట్టులో దీప్ గ్రేస్ ఎక్కా, నమితా టొప్పో ఉన్నారు. పేర్లు చూడండి. ఇందులో ఎన్ని మన సంఘాల రిజిస్టర్లలో కనిపించే పేర్లలా ఉన్నాయో చూడండి.

వీళ్ళంతా 2023లో కట్టిన స్టేడియం నుంచి రాలేదు. ఊరి మడి నుంచి, మిషన్ బడి నుంచి, 1985లో మొదలైన పాన్‌పోష్ స్పోర్ట్స్ హాస్టల్ లాంటి చోట్ల నుంచి వచ్చారు. హాస్టల్ ఎందుకు పనిచేసింది? పిల్ల రోజూ ఇంటి నుంచి వచ్చి వెళ్ళాల్సిన అవసరం లేకుండా అన్నం, పడక, బడి, మైదానం ఒకే చోట పెట్టింది కాబట్టి. దూరం అనే అడ్డును తీసేసింది కాబట్టి. ఆటగాళ్ళను తయారు చేసేది ఫ్లడ్‌లైట్లు కాదు, మైదానం దాకా చేరే వీలు అని నలభై ఏళ్ళ కిందటే ఈ ఊరు నేర్పింది.

ఈ నేల ఎవరిది?

ఇప్పుడు కష్టమైన మాట. రూర్కెలా అనే పారిశ్రామిక నగరమే ఆదివాసుల నేల మీద లేచింది. 1950లలో ఉక్కు కర్మాగారం కోసం 30కి పైగా గ్రామాల నుంచి దాదాపు 20 వేల ఎకరాలు తీసుకున్నారు. కర్మాగారానికి నీళ్ళ కోసం మందిరా డ్యామ్ కట్టి మరికొన్ని గ్రామాలను ముంచారు. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దేశానికి ఉక్కు వచ్చింది. ఊళ్ళు పోయినవాళ్ళకు జల్దా, ఝీర్‌పానీ లాంటి పునరావాస కాలనీలు వచ్చాయి.

ఆ కర్మాగారంలో పని కోసం మన తెలుగువాళ్ళూ వెళ్ళారు. ఉక్కులో, రైల్వేలో చేరి, క్వార్టర్లలో ఉండి, పిల్లలను చదివించుకున్నారు. తెలుగు ఆరాధనలు పెట్టుకున్నారు. అది కష్టపడి తిన్న అన్నమే. అయితే ఆ అన్నం వండిన పొయ్యి ఎవరి పెరట్లో ఉందో తెలిసినవాళ్ళకు, ఆ పెరటివాళ్ళ మాట వినే బాధ్యత కూడా ఉంటుంది.

వాళ్ళ మాట ఏమిటి? కర్మాగారానికి వాడకుండా మిగిలిన భూమి మాకు తిరిగి ఇవ్వండి, ఇస్తామన్న ఉద్యోగాలు ఇవ్వండి అని తాతల కాలం నుంచి అడుగుతున్నారు. ధర్నాలు చేశారు, రైళ్ళు ఆపారు, కోర్టులకెక్కారు. డెబ్బై ఏళ్ళు కావస్తోంది. 15 నెలల్లో 20 వేల సీట్లు లేపగలిగిన ప్రభుత్వ యంత్రాంగానికి, డెబ్బై ఏళ్ళలో నిర్వాసితుల ఫైలు ముగించడం చేతకాలేదు! ఆ తరువాత స్టేడియానికి బిర్సా ముండా పేరు పెట్టారు. నేల కోసం ఉల్‌గులాన్ లేపి, పాతికేళ్ళు నిండకముందే 1900 జూన్ 9న రాంచీ జైలులో చనిపోయిన మనిషి పేరు. పేరు పెట్టడం గౌరవమే. కానీ ఆయన అడిగింది గేటు మీద పేరు కాదు.

నాబోతు ద్రాక్షతోట కథ మనందరికీ తెలుసు. అహాబు దానిని కోటకో జైలుకో అడగలేదు, కూరతోటకు అడిగాడు. పైకి చూస్తే ముచ్చటైన కోరికే. అందుకే ఒక పని మంచిదా కాదా అని చూడటంతో మన బాధ్యత తీరదు. ఆ మంచి పనికి ఎవరి నేల, ఎవరి సొమ్ము, ఎవరి అనుమతి అని అడగాలి.

సుందర్‌గఢ్ జిల్లా మొత్తం రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ఉంది. జనాభాలో సగం మంది ఆదివాసులు. 1996 నాటి పీసా చట్టం ప్రకారం ఇలాంటి ప్రాంతాల్లో భూమి తీసుకునే ముందు గ్రామసభను గానీ పంచాయతీని గానీ సంప్రదించాలి. ఆ చట్టానికి నియమావళి తయారు చేయడంలోనే ఒడిశా దశాబ్దాలు ఆలస్యం చేసింది. ఆటలకు తేదీ ఉంటుంది, హక్కులకు ఉండదు!

డబ్బు లెక్క

1976లో కెనడాలోని మాంట్రియల్‌లో ఒలింపిక్స్ జరిగాయి. ఆ నగరం నుంచి మనం రెండు పాఠాలు నేర్చుకోవాలి. మొదటిది హాకీ గురించి. ఒలింపిక్ హాకీని మొదటిసారి కృత్రిమ టర్ఫ్ మీద ఆడించింది అక్కడే. అప్పటిదాకా మట్టిలో, గడ్డి మీద ఆడిన మన జట్టు ఆ ఏడాది ఏడో స్థానానికి పడిపోయింది. అప్పటి నుంచి హాకీ ఖరీదైన ఆట అయింది. టర్ఫ్ వేయాలి, ఆటకు ముందు నీళ్ళతో తడపాలి, ఎనిమిది పదేళ్ళకోసారి మార్చాలి. ఊరి మడిలో ఎంత బాగా ఆడినా, టర్ఫ్ మీద అడుగు పెట్టని పిల్లకు పెద్ద జట్టులో చోటు లేదు. అంటే టర్ఫ్ దాకా చేర్చే బస్సు కూడా ఆటలో భాగమైపోయింది.

రెండో పాఠం అప్పు గురించి. మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియం అప్పు తీరింది 2006లో. రెండు వారాల ఆటలకు ముప్పై ఏళ్ళ వాయిదాలు! ధనిక దేశంలోనే అంత పని అయింది.

ఒడిశా ప్రభుత్వం 2018 నుంచి భారత హాకీ జట్లకు స్పాన్సర్‌గా ఉంది. ఒక రాష్ట్రం దేశ జట్టును పోషించడం అరుదైన విషయం, మెచ్చుకోవాల్సిందే. భువనేశ్వర్‌లో అథ్లెటిక్స్‌కు చేసిన ఏర్పాట్ల వల్ల మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి అక్కడ శిక్షణ పొంది, ఆసియా ఛాంపియన్ అయింది. పెట్టిన ప్రతి రూపాయీ వృథా అని మేము అనడం లేదు. కానీ కట్టడానికి పెట్టే రూపాయి వేరు, నడపడానికి పెట్టే రూపాయి వేరు. కట్టేటప్పుడు శిలాఫలకం ఉంటుంది, రిబ్బన్ ఉంటుంది, ఫోటో ఉంటుంది. బస్సు డ్రైవర్ జీతానికి, డీజిల్‌కు, పల్లె మైదానం చుట్టూ కంచెకు, ఆడపిల్లలకు మరుగుదొడ్డికి శిలాఫలకం ఉండదు. అందుకే మొదటిదానికి డబ్బు దొరుకుతుంది, రెండోదానికి దొరకదు.

సుందర్‌గఢ్ పేద జిల్లా కాదు, పేదలున్న జిల్లా. కోయిడా వైపు ఇనుప గనులున్నాయి. గనుల వల్ల నష్టపోయే ప్రజల కోసం 2015లో చట్టం మార్చి జిల్లా ఖనిజ నిధి ఏర్పాటు చేశారు. అందులో కనీసం 60 శాతం తాగునీరు, వైద్యం, విద్య లాంటి అవసరాలకు ఖర్చు చేయాలని అప్పటి మార్గదర్శకాలు చెప్పాయి. ఆ నిధి గనుల దుమ్ము పీల్చినవాళ్ళది. దానిలోంచి ఆటలకు గానీ రోడ్లకు గానీ ఒక్క రూపాయి ఖర్చయినా, ఆ లెక్క ఊరి పంచాయతీ గోడ మీద అందరికీ అర్థమయ్యే భాషలో కనిపించాలి.

వాళ్ళ జవాబులు, మా జవాబులు

"ఇప్పుడు అందరికీ బైకులున్నాయి, బస్సు ఎవరికి కావాలి?" అంటారు. బైకు ఉన్నది ఇంట్లో మగవాడికి. పదమూడేళ్ళ అమ్మాయి తెల్లవారుజామున సాధనకు బైకు మీద వస్తుందా? దేశానికి ఇంతమంది హాకీ అమ్మాయిలను ఇచ్చిన జిల్లాలో, సాయంత్రం చీకటి పడితే కూతుర్ని ఎలా రప్పించుకోవాలి అన్న భయంతో ఆట మాన్పించే తల్లిదండ్రులను తప్పు పట్టగలమా? బస్సు ఉంటే ఆ అమ్మాయి ఆడుతుంది. లేకపోతే ఇంట్లో ఉంటుంది. ఆమె ప్రతిభ ఏ లెక్కలోకీ రాదు.

"టికెట్ ఉచితం చేశాం కదా" అంటారు. నిజమే. 2024 డిసెంబరు చివర మొదలైన హాకీ ఇండియా లీగ్‌కు ప్రవేశం ఉచితంగా ఇచ్చారు. 2025 ఫిబ్రవరి 1న ఇదే స్టేడియంలో జరిగిన ఫైనల్‌లో మన హైదరాబాద్ తూఫాన్స్ 4-3 తేడాతో బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడిపోయింది. ఉచిత ప్రవేశం మంచి పని. కానీ గేటు దగ్గర తీసుకోని డబ్బు దారిలో ఆటోవాడు తీసుకుంటే పేదవాడికి మిగిలిందేమిటి? రాను పోను ఆటో ఖర్చు ఒక రోజు కూలిని మింగేస్తే ఆ ఉచితం ఎవరికి?

"బ్లాకుల్లో కూడా టర్ఫ్‌లు వేస్తున్నాం" అంటారు. జిల్లాలోని 17 బ్లాకుల్లోనూ సింథటిక్ టర్ఫ్ వేస్తామన్న ప్రకటనను మేము స్వాగతిస్తాం. అసలు సరైన దారి అదే. పిల్లను మైదానం దగ్గరకు తేలేకపోతే మైదానాన్ని పిల్ల దగ్గరకు తేవాలి. కాకపోతే వేసిన టర్ఫ్‌కు నీళ్ళున్నాయా, కోచ్ ఉన్నాడా, తాళం చెవి ఎవరి దగ్గర ఉంది అని ఏటా లెక్క చెప్పాలి. తాళం వేసిన టర్ఫ్ కంటే తాళం లేని మడి నయం.

"పెద్ద నగరాల్లో మాత్రం ఏముంది?" అంటారు. ఉంది. హైదరాబాద్ ఉప్పల్ స్టేడియం పక్కనే మెట్రో స్టేషన్ ఉంది, దాని పేరే 'స్టేడియం'. ఐపీఎల్ ఆటలున్న రాత్రుల్లో రైళ్ళ వేళలు పొడిగిస్తారు. కావాలనుకుంటే చేయవచ్చని దానితో తేలిపోయింది. స్టేషన్ పక్కనున్నంత మాత్రాన చాలదని కూడా తేలింది. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. అక్కడ మెట్రో దగ్గరే ఉంది. కానీ వచ్చే జనం ఎంత, వాళ్ళు నిలబడేది ఎక్కడ, తిరిగి పోయేది ఎటు అని ముందుగా ఆలోచించినవాళ్ళు లేరు. పేదల పిల్లలు ప్రాణాలతో ఇల్లు చేరడం కూడా రవాణా ప్రశ్నే.

"పాస్టర్లకు ఈ గొడవలెందుకు?" అని మన వాళ్ళే కొందరు అంటారు. ఆదివారం ఆరాధనకు రాని కుర్రవాడి గురించి అడిగే హక్కు కాపరికి ఉంటే, సోమవారం ఆ కుర్రవాడు మైదానానికి ఎందుకు వెళ్ళలేకపోయాడని అడిగే హక్కు కూడా ఉంటుంది. 2024లో ఒడిశాలో ప్రభుత్వం మారింది. మా ప్రశ్న మారలేదు. కట్టినవాళ్ళనూ అడిగాం, ఇప్పుడు నడుపుతున్నవాళ్ళనూ అడుగుతున్నాం.

మన ఊళ్ళకూ ఇదే లెక్క

రూర్కెలా మనకు దూరం అనుకోవద్దు. తెలుగువాళ్ళు తరతరాలుగా స్థిరపడిన ఏ ఊరు తీసుకున్నా ఇదే కథ వేరే పేరుతో నడుస్తోంది.

షోలాపూర్ చూడండి. మన నేత కార్మికులు, బీడీలు చుట్టే అక్కలు దశాబ్దాలు పోరాడి కుంభారిలో రేనగర్ ఇళ్ళు సాధించుకున్నారు. మాజీ ఎమ్మెల్యే నర్సయ్య ఆడం నాయకత్వంలో సాగిన పోరాటం అది. 2024 జనవరిలో 15,000 ఇళ్ళు చేతికొచ్చాయి. గొప్ప విజయం. కానీ ఇల్లు ఊరి బయట, పని ఊరి లోపల. కార్ఖానాకు, బడికి, ఆసుపత్రికి, పిల్లల ఆటకు అందరికీ మళ్ళీ బస్సే ఆధారం. కోలార్ బంగారు గనులు 2001లో మూతపడ్డాక, గని కార్మికుల పిల్లలు, అందులో ఎక్కువమంది తెలుగు, తమిళ దళితులు, రోజూ తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పనికి పోతున్నారు. వాళ్ళు రాత్రి తిరిగి వచ్చేసరికి ఏ మైదానంలో వెలుతురు ఉంటుంది? ఏ ఆట మిగులుతుంది?

బరంపురంలో గానీ, రాయగడలో గానీ, బళ్ళారిలో గానీ, యానాంలో గానీ, రేపు కొత్త స్టేడియం కడతామని ఎవరైనా కొబ్బరికాయ కొడితే మనం దండలు పట్టుకుని పోకముందు ఒక కాగితం పట్టుకుని పోవాలి. అందులో ఉండాల్సినవి ఇవి.

మొదటిది, ముందు దారి, తరువాత పునాది. స్టేడియం నమూనాతో పాటు బస్సు మార్గాల నమూనా కూడా ప్రజల ముందు పెట్టాలి. దళితవాడ, ఆదివాసీ గూడెం, కార్మిక కాలనీ నుంచి ఎంతసేపట్లో, ఎంత ఖర్చుతో చేరవచ్చో అందులో ఉండాలి.

రెండోది, చివరి బస్సు ఆట ముగిశాకే బయలుదేరాలి. ఆట ఎంత ఆలస్యమైనా సరే. రూర్కెలాలో అయితే ఆటలున్న రాత్రుల్లో బ్లాకు కేంద్రాలన్నిటికీ బస్సులు వేయాలి. సాధన చేసే పిల్లలకు ఏడాది పొడవునా ఉచిత పాస్ ఇవ్వాలి.

మూడోది, పల్లె మైదానానికి వాటా. పెద్ద స్టేడియానికి ఖర్చు పెట్టే బడ్జెట్‌లోనే ఊరి మైదానాలకు, వాటిని నడపడానికి విడిగా పద్దు రాయాలి. మిగిలితే ఇస్తామంటే కుదరదు.

నాలుగోది, గేటు తెరిచే వేళలు. పెద్ద పోటీలు లేని రోజుల్లో స్థానిక పిల్లలు ఏ రోజు, ఏ సమయంలో లోపల ఆడవచ్చో గేటు మీద రాసి పెట్టాలి. స్థానిక భాషల్లో రాయాలి.

ఐదోది, భూమి ఇచ్చినవాళ్ళతో ముందు మాట. పాత నిర్వాసితుల బాకీ తీరకుండా కొత్త శంకుస్థాపన వద్దు. గ్రామసభ మాట వినకుండా ఒక్క గజం కూడా వద్దు.

యౌవనస్థులారా, మీతో ఒక మాట

ఇవన్నీ ఎవరో నాయకుడు వచ్చి అడుగుతాడని కూర్చోవద్దు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు పది రూపాయల రుసుము చాలు, రాష్ట్రాల్లోనూ రుసుము తక్కువే. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీ పట్టణంలో ఉన్న మునిసిపల్ స్టేడియానికి గత మూడేళ్ళలో ఎంత ఖర్చు పెట్టారు, ఎన్ని రోజులు ఆటలకు ఇచ్చారు, ఎన్ని రోజులు సభలకు, ఎగ్జిబిషన్లకు అద్దెకిచ్చారు, అక్కడికి ఎన్ని బస్సులు వెళ్తాయి అని నాలుగు ప్రశ్నలు రాయండి. మీ యువజన కూటమిలో ఐదుగురు కలిసి ఒక శనివారం కూర్చుంటే అయిపోయే పని. వచ్చిన జవాబును మీ ఊళ్ళో కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ మాట్లాడే స్నేహితులకు కూడా చూపించండి. ఇది తెలుగువాళ్ళ ఒక్కరి పోరాటం కాదు, క్రైస్తవుల ఒక్కరి పోరాటం అంతకంటే కాదు. మైదానంలో కులం అడగకుండా బంతి అందిస్తాం కదా, ఈ పని కూడా అలాగే చేయాలి.

మన సంఘ పెద్దలకూ ఒక విన్నపం. మిషనరీల కాలం నుంచి మన చేతికొచ్చిన ఆవరణలు చాలా పట్టణాల నడిబొడ్డున, బస్టాండుకు నడిచే దూరంలో ఉన్నాయి. అంటే ఏ ప్రభుత్వమూ ఇప్పుడు కోట్లు పెట్టినా కొనలేని చోట మనకు ఖాళీ నేల ఉంది. దుకాణాల సముదాయం కడదామని, కల్యాణ మండపం కడదామని ఎవరైనా కాగితాలు తెచ్చినప్పుడు, ఆ నేల మీద రోజూ సాయంత్రం ఎంతమంది పిల్లలు ఆడగలరో కూడా లెక్క వేయండి. సాయంత్రం రెండు గంటలు గేటు తీయండి. చుట్టుపక్కల పిల్లలందరికీ, ఏ మతం పిల్లలైనా సరే. అలా గేటు తీసిన సంఘం మునిసిపాలిటీని అడిగితే ఆ మాటకు బలం ఉంటుంది.

జెకర్యా ప్రవక్త బాగుపడిన యెరూషలేము గురించి చెప్పినప్పుడు గోపురాలు లెక్కపెట్టలేదు. చేతికర్ర పట్టుకుని వీధిలో కూర్చున్న ముసలివాళ్ళను, అదే వీధిలో ఆడుకుంటున్న మగపిల్లలను, ఆడపిల్లలను చూపించాడు. నగరం బాగుందనడానికి ఆయనకు ఆ గుర్తు చాలు. మన పాలకులకు మాత్రం గిన్నిస్ పత్రం కావాలి.

పత్రం గోడకు తగిలించుకోనివ్వండి. మనం అడగాల్సింది బస్టాండులో వేళల బోర్డు గురించి. అందులో మన పల్లె పేరు ఉందా? దాని ఎదురుగా ఆట ముగిశాక బయలుదేరే వేళ రాసి ఉందా? ఉంటే సంతోషంగా వెళ్ళి ఆట చూసి వద్దాం. లేకపోతే ఆ పేరు రాయించే దాకా కలెక్టరేట్ గుమ్మం వదలవద్దు.